మర విప్పితే మళ్లీ పాట

1970ల నాటి యాంప్లిఫయర్ పైరేకు తీయాలంటే నాలుగు మరలు విప్పితే చాలు. లోపల అంతా కంటికి ఆనుతుంది. ఒక మూల బరువైన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బొటనవేలి కంటే లావైన రెండు కండెన్సర్లు, వెనక అల్యూమినియం హీట్‌సింకుకి బిగించిన పవర్ ట్రాన్సిస్టర్లు. ప్రతి విడిభాగం మీదా దాని నంబరో విలువో అచ్చేసి ఉంటుంది. చాలా కంపెనీలు సర్క్యూట్ బొమ్మను కూడా కొన్నవాళ్ల చేతికే ఇచ్చేవి. ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు విప్పి బాగుచేస్తారు అనుకునే ఆ పెట్టెను తయారుచేశారు.

ఇవాళ బజారులో దొరికే చాలా బ్లూటూత్ స్పీకర్లకు పైకి ఒక్క మర కూడా కనబడదు. జిగురుతో మూసేసిన డబ్బాలో బ్యాటరీ చచ్చిపోతే స్పీకరూ పోయినట్టే.

పాత హైఫై మీద మళ్లీ మోజు ఎందుకు పెరిగిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. నాదం మెత్తగా ఉంటుందంటారు, అట్ట మీది బొమ్మ చూస్తూ వినడంలో సుఖముందంటారు, నాన్న గుర్తొస్తాడంటారు. అన్నీ నిజాలే. నన్ను మాత్రం కట్టిపడేసేది బాగుచేసుకోగలగడం. యాభై ఏళ్ల కిందటి యంత్రం ఇవాళ కొత్తదానికి దీటుగా పాడుతోందంటే, దాన్ని అలా తయారుచేసిన ఇంజినీరుకీ, ఇప్పటికీ దాన్ని విప్పి కూర్చోగల మెకానిక్‌కీ సమానంగా దండం పెట్టాలి. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లు సాధారణంగా డబ్బంతా యాంప్లిఫయర్ మీద కుమ్మరించి, మిగతావి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆ వరస తలకిందులు చేయాలి.

వాట్ల వెర్రి

1978లో జపాన్ కంపెనీ పయనీర్ ఎస్ఎక్స్-1980 అనే రిసీవర్‌ను విడుదల చేసింది. ఒక్కో చానెల్‌కి 270 వాట్లు. బరువు 35 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే గానీ బల్ల మీదికి ఎక్కదు. లండన్‌లో పుట్టిన ఎన్ఏడీ సంస్థ సరిగ్గా అదే ఏడాది 3020 అనే చిన్న యాంప్లిఫయర్ తెచ్చింది. ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ రూపొందించిన ఆ పెట్టె చానెల్‌కి 20 వాట్లే ఇస్తుంది, చంకలో పెట్టుకుని పోవచ్చు. ఇవాళ్టికీ అభిమానులు రెండింటినీ వెతుక్కుంటూనే ఉన్నారు. మన ఇళ్లకు మాత్రం రెండోదే సరిపోతుందని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే లెక్క అలా ఉంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చప్పుడు రెట్టింపయిందని చెవికి అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. మామూలు హాల్లో, మామూలు స్పీకర్లతో, పక్కవాళ్లతో మాట్లాడుతూ పాట వినే స్థాయికి ఒక్క వాటు కూడా పూర్తిగా ఖర్చు కాదు. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు, తవిల్ ఉరిమినప్పుడు క్షణకాలం పదో ఇరవయ్యో కావాలి. అంతే.

వాట్ల పేరుతో జనాన్ని మభ్యపెట్టడం ఎంత ముదిరిందంటే, 1974లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఏకంగా ఒక నియమమే తేవాల్సి వచ్చింది. నిలకడగా ఎన్ని వాట్లు ఇస్తుందో అదే ప్రకటించాలని కంపెనీలను ఆదేశించింది. మన బజార్లకు అలాంటి కట్టడి లేదు. 1990ల్లో పీఎంపీఓ అనే అక్షరాలు తగిలించి డబ్బాల మీద వేల వాట్లు రాసుకున్నారు. అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వెయ్యి వాట్లు ఎలా వస్తాయని అడిగిన నాథుడు లేడు. పాత యాంప్లిఫయర్ కొనేటప్పుడు ముందు దాన్ని చేత్తో ఎత్తి చూడండి. బరువులో చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్‌దే, అది అబద్ధం చెప్పదు.

సూట్‌కేసుల్లో వచ్చిన సంగీతం

లైసెన్సులు, దిగుమతి సుంకాల కాలంలో మరాంజ్, సాన్సుయి, టెక్నిక్స్ లాంటివి మామూలు దుకాణంలో దొరికేవి కావు. మద్రాసు బర్మా బజారులో బేరమాడి తెచ్చుకోవాలి, లేదా విదేశాల నుంచి వచ్చే చుట్టం తేవాలి. కోనసీమ, కడప, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు బంగారం తర్వాత తెచ్చింది నేషనల్ పానసోనిక్ టేప్ రికార్డరే. దేశంలోనే తయారీకి నడుం కట్టినవాళ్లూ ఉన్నారు. 1970లో అశోక్ ముఖర్జీ కోల్‌కతాలో సోనోడైన్ స్థాపించారు. కాస్మిక్, నార్జ్ లాంటి పేర్లు ఆ తరం వాళ్లకు బాగా గుర్తు. ఇవాళ పాత సరుకు వెతికేవాళ్లు జపాన్ పేర్ల వెంట పడి ఈ దేశీ యాంప్లిఫయర్లను చిన్నచూపు చూస్తున్నారు. అది పొరపాటు. వీటి విడిభాగాలు మన బజారులో దొరికేవే, కరెంటు మన 230 ఓల్టులదే, వీటి గుట్టు తెలిసిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. మొదటి సెట్టుగా దేశీ యాంప్లిఫయరే కొనమని చెబుతాను.

రికార్డుల కథ వేరు. ఇళ్లలో ప్లేయర్లు ఉన్నవాళ్లు తక్కువ. మన ఊళ్లలో పాటల భాండాగారం మైకుసెట్టు వాళ్ల దగ్గరుండేది. పెళ్లికీ, వినాయక చవితికీ, శ్రీరామనవమికీ చెట్టుకి హారన్ కట్టి, అహూజా యాంప్లిఫయర్ పెట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టేవారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్లోనో గుట్టలుగా దొరికే తెలుగు రికార్డుల్లో ఇలా ఊరేగి వచ్చినవి చాలా ఉంటాయి. బరువైన పికప్పు కింద అరిగిపోయిన గాడిని ఏ ముల్లూ బాగుచేయలేదు. కొనేముందు రికార్డును వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. నల్లగా నిగనిగలాడాల్సిన గాళ్లు బూడిదరంగుకి తిరిగి ఉంటే వదిలేయండి. పైపైన గీతలు పడ్డా గాడి మెరుస్తుంటే తీసుకోవచ్చు.

బల్ల మీద పరీక్ష

కోఠీ గుజరాతీ గల్లీ దగ్గర మెట్లెక్కి వెళ్లాల్సిన ఒక చిన్న గదిలో, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మెకానిక్ దగ్గర కూర్చుని ఒక పాత జపాన్ రిసీవర్ ప్రాణం పోసుకోవడం చూశాను. తెచ్చినాయనను ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, దీన్ని ప్లగ్గుల పెట్టినవా?" పెట్టలేదని చెప్పాకే స్క్రూడ్రైవర్ తీశాడు.

ఏళ్ల తరబడి అటక మీదున్న సెట్టును నేరుగా కరెంటుకి తగిలించడం దాన్ని చంపుకోవడమే. లోపలి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో రసాయనం ఎండిపోయి ఉంటుంది. ఒక్కసారిగా పూర్తి ఓల్టేజీ పడితే కండెన్సర్ షార్ట్ కావచ్చు, దాంతో పాటు ఇప్పుడు ఎక్కడా దొరకని పవర్ ట్రాన్సిస్టర్లూ పోవచ్చు. అందుకే సిరీస్ బల్బు. ఒక చెక్క మీద హోల్డరు, సాకెట్టు బిగించి, కరెంటు 100 వాట్ల పాతకాలపు బల్బు గుండా పోయేలా కలుపుతారు. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ దీనికి పనికిరాదు. ఆయన అల్మరాలో అలాంటి బల్బులు పాత న్యూస్‌పేపర్లో చుట్టి దాచి ఉన్నాయి.

పైరేకు తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, ఫ్యూజు సరైనదేనా అని చూశాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ డబ్బాలోని రేకు చుట్టి పెట్టిన సెట్లు తన దగ్గరికి ఎన్నో వచ్చాయట. తర్వాత స్విచ్ వేశాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని, మెల్లగా తగ్గి, ఎర్రటి తీగ మాత్రం కనబడేలా నిలిచింది. ఆయన ముఖం విప్పారింది. కండెన్సర్లు నిండేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతాయి, నిండాక తగ్గుతుంది, అలా తగ్గితే లోపల షార్ట్ లేదని అర్థం. బల్బు తగ్గకుండా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేసి, ఎక్కడ షార్టయిందో వెతకాలి.

అయినా స్పీకర్లు తగిలించలేదు. స్పీకర్ తీగలు కలిపే చోట మల్టీమీటర్ పెట్టి డీసీ ఓల్టేజీ చూశాడు. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. 50 మిల్లీవోల్టుల లోపుంటే ఫర్వాలేదు. ఓల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ కాలి బూడిదవుతుంది. ఎడమవైపు బాగానే ఉంది. కుడివైపు మీటరు 140 చూపించింది. చిన్న స్క్రూడ్రైవర్‌తో బోర్డు మీది ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పాడు, అంకె ఒకసారి ఎగిరి పడింది. "ప్రీసెట్ కచరా పట్టింది" అని దాన్నే పీకేసి కొత్తది అతికాడు. తర్వాత అంకె నెమ్మదిగా దిగి పన్నెండు దగ్గర ఆగింది. సెట్టు కొంచెం వేడెక్కాక మళ్లీ చూడాలంటూ టీ తెప్పించాడు.

ఆ టీ తాగుతూ ఆయన చెప్పినవి ఈ దారిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ రాసిపెట్టుకోవాల్సినవి. కండెన్సర్లు మార్చేటప్పుడు విలువ అదే ఉండాలి, ఓల్టేజీ అంతే లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం అయితే మంచిది. కొత్తవి పాతవాటి కంటే చిన్నగా ఉంటాయి, కంగారు పడొద్దు. అన్నీ ఒక్కరోజున పీకి పెట్టొద్దు, కొన్ని మార్చి, పెట్టి చూసి, మళ్లీ కొన్ని మార్చాలి. లేకపోతే తప్పు ఎక్కడ దొర్లిందో తెలియదు. పాత జపాన్ ట్రాన్సిస్టర్ల పేరుతో వచ్చే సరుకులో నకిలీలు ఎక్కువ కాబట్టి పనిచేస్తున్నవాటిని ముట్టుకోవద్దు. వాల్యూమ్ తిప్పుతుంటే బరబర వస్తోందంటే లోపల మురికి పట్టినట్టు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. కుట్టుమిషన్ నూనె పోస్తే ఆరోజుకి బాగుంటుంది, నెల తిరిగేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఇంకొక మాట నా తరఫున. వాల్వ్ సెట్టు అయితే ఇంట్లో విప్పే సాహసం చేయొద్దు. లోపల 300, 400 ఓల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చిన ప్లేయర్

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు తిరిగొచ్చేటప్పుడో, తల్లిదండ్రుల ఇంటికి పంపేటప్పుడో పాత టర్న్‌టేబుళ్లు తెస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 230 ఓల్టులను 120కి దించితే సరిపోతుందని అనుకుంటారు. ఓల్టేజీ దిగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. సింక్రనస్ మోటారు ఉన్న ప్లేయర్ ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33⅓ తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గరే ఉండిపోతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా జారుతుంది. ఐదు శ్రుతిలో పాడిన గాయని మూడు శ్రుతిలోకి దిగిపోతుంది. దీనికి మందు 50 హెర్ట్జ్ పుల్లీ మార్చడం. గ్యారార్డ్ 301కి రెండు ఫ్రీక్వెన్సీలకు రెండు వేర్వేరు ఇత్తడి పుల్లీలు ఉండేవి. డైరెక్ట్ డ్రైవ్ మోటారుకి ఈ బాధ లేదు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 వేగాన్ని లోపలి క్వార్ట్జ్ స్ఫటికమే చూసుకుంటుంది. ఓల్టేజీ సరిచేస్తే చాలు.

గ్యారార్డ్ మాట వచ్చింది కాబట్టి మనం గర్వపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లండ్ స్విండన్‌లో 1954లో మొదలైన 301 టర్న్‌టేబుల్‌ను ప్రపంచవ్యాప్తంగా రసికులు నెత్తిన పెట్టుకుంటారు. ఆ కంపెనీ చేతులు మారి, మూతపడి, పేరు మాత్రమే మిగిలింది. పుణెకి చెందిన పారిశ్రామికవేత్త అజయ్ షిర్కే నేతృత్వంలోని కేడెన్స్ గ్రూపు 2016లో టోనార్మ్‌లకు పేరుమోసిన బ్రిటిష్ సంస్థ ఎస్ఎంఈని, 2018లో గ్యారార్డ్ పేరును కొనుగోలు చేసింది. ఇప్పుడు ఆ పాత 301లనే పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, సరికొత్తగా కూర్చి ఇంగ్లండ్‌లోనే అమ్ముతున్నారు. డెబ్బై ఏళ్ల కిందటి యంత్రాన్ని బాగుచేయడం మీద ఒక వ్యాపారమే నిలబడింది.

సామాన్యుడికి 301 అందదు. బెల్టు సాగని, బేరింగు కరకరలాడని ఏ మామూలు ప్లేయరైనా చాలు. రబ్బరు బెల్టు ఎలాగూ మార్చాలి, అది చవక.

అసలు ఖర్చు ఇక్కడ పెట్టాలి

రికార్డు మీది పాట కరెంటుగా మారేది ముల్లు కొన దగ్గర. ఆ తర్వాత ఎంత గొప్ప యాంప్లిఫయర్ పెట్టినా, అక్కడ పోయిన సంగతి తిరిగి రాదు. ఎల్పీ ఒక వైపు గాడిని చాపితే దాదాపు అర కిలోమీటరు పొడవుంటుంది. మన తలవెంట్రుక కంటే సన్నని వజ్రపు కొన ఆ అర కిలోమీటరూ గోడలు రాసుకుంటూ పోవాలి. వజ్రమైనా అరుగుతుంది. ఆకారాన్ని బట్టి 500 నుంచి 1000 గంటలకు మార్చాలి. అరిగిన ముల్లు పాటను పాడుచేయడంతో ఆగదు, రికార్డును ఉలిలా చెక్కేస్తుంది.

మన ఇళ్లలో ఉన్న పాత సూట్‌కేస్ ప్లేయర్లలో ఎక్కువవి క్రిస్టల్, సిరామిక్ పికప్పులు. క్రిస్టల్ రకంలో వాడే రోషెల్ లవణానికి తేమ పడదు. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో అవి ఎన్నాళ్లో నిలిచేవి కావు. పైగా ఇవి గాడి మీద నాలుగైదు గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మోపుతాయి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి రెండు గ్రాముల లోపు చాలు. మీరు చేయగల మార్పులన్నిట్లో చెవికి వెంటనే తెలిసేది ఇదే.

అమెరికా కంపెనీ షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది. పాత షూర్‌లు ఉన్నవాళ్లు నిరాశ పడనక్కరలేదు, ఒకప్పుడు కుట్టుసూదులు చేసిన జపాన్ సంస్థ జికో వాటికి కొత్త ముళ్లు తయారుచేస్తోంది. కొత్తగా కొనేవాళ్లకు ఆడియో-టెక్నికా వీఎం95 వరస మంచిది. కార్ట్రిడ్జ్ ఒకటే, ముల్లు మాత్రం మార్చుకోవచ్చు. అందులో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల కోసం, అంటే 78ల కోసం, ప్రత్యేకమైన ముల్లు కూడా ఉంది. 78ల గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు దాని అడుగున పడి చెత్తనంతా దేవుకుంటుంది. పాత స్టాకులో సీలు విప్పని ముల్లు దొరికిందని ఎవరైనా చెబితే మురిసిపోకండి. దాని వెనకుండే రబ్బరు వాడినా వాడకపోయినా గట్టిపడుతుంది.

ముల్లు బిగించాక తూకం పెట్టడం ఓపికతో చేయాల్సిన పని. వెనక బరువు తిప్పుతూ టోనార్మ్ అటు లేవక ఇటు వాలక గాలిలో నిలిచేలా చేయాలి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకి తెచ్చి, కంపెనీ చెప్పిన బరువు వరకు తిప్పాలి. తర్వాత కొలబద్ద కాగితం మీద కార్ట్రిడ్జ్ కోణం సరిచేసుకోవాలి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రికార్డులో చివరి పాట వేసి స, శ, ష దగ్గర చెవి పెట్టండి. లోపలి గాళ్లలో వేగం తక్కువ కాబట్టి తప్పంతా అక్కడే బయటపడుతుంది. అక్షరాలు ఉమ్మినట్టు వినబడితే కోణం మళ్లీ చూసుకోవాలి.

78లు కడిగేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎల్పీలకు వాడే స్పిరిటు కలిపిన ద్రావకం వాటికి తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిటులో లక్క కరిగిపోతుంది.

మోనో మీట

ఈ విషయం మీద నాకు చాలా పట్టుదల. మన పాత తెలుగు పాటల్లో అత్యధికం మోనో రికార్డింగులు. మోనో గాడిలో పాటంతా అడ్డంగా, అంటే కుడి ఎడమల కదలికలోనే ఉంటుంది. నిలువు కదలికలో పాట ఉండదు. అక్కడుండేది దుమ్ము, గీతలు, మోటారు గురగుర. స్టీరియో కార్ట్రిడ్జ్ ఆ రెండు కదలికలనూ అందుకుంటుంది కాబట్టి మోనో రికార్డు వేస్తే చెత్త కూడా పాటతో పాటు రెండు స్పీకర్లలోంచీ వస్తుంది. 1970ల యాంప్లిఫయర్లలో చాలావాటి ముందు భాగంలో మోనో అని రాసిన చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే రెండు చానెళ్లు కలిసి, నిలువు కదలిక నుంచి వచ్చిన రొద ఒకదానికొకటి కొట్టేసుకుని పోతుంది. అడ్డంగా ఉన్న పాట మిగులుతుంది.

ఘంటసాల 'పుష్పవిలాపం' పద్యాలు ముందు మీట నొక్కకుండా, తర్వాత నొక్కి వినండి. చిటపటలు వెనక్కి తగ్గి, గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక్కచోట నిలబడుతుంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఆయన ఊపిరి ఎక్కడ పట్టారో, ఎక్కడ వదిలారో తెలుస్తుంది. కొత్త యాంప్లిఫయర్లలో చాలావాటికి ఈ మీట తీసేశారు. తెలుగు పాత పాటలు వినేవాళ్లు యాంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు ముందు వెతకాల్సింది దీన్నే.

పాత యాంప్లిఫయర్‌తో ఇంకో సుఖం, ఫోనో అనే సాకెట్టు. రికార్డు అచ్చేసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు, లేకపోతే మంద్ర స్వరాలకు గాడి పక్కగాడిలోకి పోతుంది. తిరిగి వాయించేటప్పుడు ఆ తేడాను సరిచేయాలి. దానికి ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో 1954లో ఆర్ఐఏఏ అనే ఉమ్మడి ప్రమాణం ఏర్పడింది. ఆ పని చేసే సర్క్యూట్ పాత యాంప్లిఫయర్లలో లోపలే ఉంటుంది. మొబైల్ ఫోనును మాత్రం ఆ సాకెట్టుకి తగిలించకండి, ఆక్స్ అనే సాకెట్టుకి తగిలించండి. ప్లేయర్ నుంచి వచ్చే సన్నని ఎర్తు తీగను బిగించడం మర్చిపోతే గుయ్యిమని హమ్మింగ్ వస్తుంది. సగం హమ్మింగ్ ఫిర్యాదులు ఆ ఒక్క తీగతో తీరిపోతాయి.

స్పీకర్లు, గది

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని మూసిన పెట్టెలో స్పీకర్ బిగించి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. బీరువాలంత పెట్టెల్లో తప్ప రాని మంద్రం అల్మరాలో పట్టే పెట్టెలోంచి వచ్చింది. అది ఏఆర్-1. ఇంట్లో పెట్టుకోదగ్గ హైఫైకి ఆ స్పీకరే దారి వేసింది.

పాత స్పీకర్ కొనేటప్పుడు ముందుబట్ట తీసి కోన్ అంచు చూడండి. అది నురగలా మెత్తటి ఫోమ్ అయితే మన తేమకి పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. భయపడక్కరలేదు, కొత్త అంచు అతికించుకోవచ్చు. రబ్బరు అంచు అయితే చాలా ఏళ్లు నిలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. రీకోనింగ్ దుకాణంలో మొత్తం కోన్ మార్చేస్తామంటే ఒప్పుకోకండి. వాళ్ల దగ్గరుండేవి మైకుసెట్ల కోసం చేసిన మందపాటి కోన్‌లు. చప్పుడు వస్తుంది, సంగీతం పోతుంది. అంచు మాత్రమే మార్పించుకోండి. పెట్టె లోపలి క్రాసోవర్‌లో ఉండే చిన్న కండెన్సర్లూ పాతబడతాయి, వాటిని మార్పిస్తే వీణ తీగల మొన మళ్లీ వినబడుతుంది.

ఇంత చేసినా గది సహకరించకపోతే ఫలితం సగమే. ఇప్పటి మన హాళ్లలో కింద టైల్స్, పైన కాంక్రీటు, చుట్టూ బోసిగోడలు. చప్పట్లు కొడితే మోగుతుంది. స్పీకర్లకూ మీరు కూర్చునే చోటుకూ మధ్య నేల మీద మందపాటి ఏలూరు తివాచీ పరచండి, వరంగల్ జంపఖానా అయినా సరే. వెనక గోడకి పుస్తకాల అల్మరా పెట్టండి. స్పీకర్లను గోడకి అతికించినట్టు కాకుండా ఒక రెండడుగులు ముందుకి జరపండి. ట్వీటర్లు చెవి ఎత్తుకి రావాలి. ఈ పనులకయ్యే ఖర్చు కొత్త యాంప్లిఫయర్ ఖరీదులో చిన్న వంతు కూడా కాదు, తేడా మాత్రం అంతకంటే ఎక్కువ. తీగల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: మంచి రాగి, తగినంత లావు, గట్టి బిగింపు. వేలు పోసి కేబుళ్లు కొనడం దండగ.

కాబట్టి నా వరస ఇది. ముందు ముల్లు, తర్వాత స్పీకర్ల అంచులు, గది, ఆ తర్వాత ఉన్న యాంప్లిఫయర్‌కే కండెన్సర్లు. ఇవన్నీ అయ్యాక కూడా ఇంకా ఏదో లోటు ఉందనిపిస్తే అప్పుడు కొత్త యాంప్లిఫయర్ గురించి ఆలోచించండి. చాలామందికి ఆ అవసరం రాదు.

ఇదంతా మెకానిక్ ఉన్నంత వరకే. ఈ పని తెలిసినవాళ్ల చూపు తగ్గుతోంది, చేతులు వణుకుతున్నాయి, వాళ్ల పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రాళ్లు సెలవుల్లో ఒక నెల ఇలాంటి బల్ల ముందు కూర్చుంటే వాళ్లకీ ఒక బతుకుతెరువు దొరుకుతుంది, మన రికార్డులకీ ఆయుష్షు పెరుగుతుంది. మెకానిక్ కూలి చెప్పినప్పుడు బేరమాడకండి. మీ ఇంట్లో తాతగారి రిసీవరో, నాన్నగారి రికార్డు ప్లేయరో మూలన పడి ఉంటే తూకానికి వేయకండి. ఈ వారమే దించి, దుమ్ము తుడిచి, సిరీస్ బల్బు ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చూసేదాకా ప్లగ్గులో మాత్రం పెట్టకండి.